సుల్తాను కులీ: గోలకొండ హమాము

హైదరాబాదు నగరమునకు పడమట గోలకొండ దుర్గము కలదు. ఆ దుర్గమునకు ఉత్తరమున, బంజారా దర్వాజాకు అనతిదూరమున, కుతుబ్‌షాహి సుల్తానుల సమాధులు ఒక విశాలమైన తోటలో నెలకొనియున్నవి. అచటికి పోయిన వారి చూపు మొదట సమాధులపై నున్న గొప్ప గుమ్మటములపై వ్రాలును. వాని నడుమ ఒదిగియున్న ఒక పొట్టి కట్టడమును మాత్రము పలువురు చూచియు చూడనట్లు దాటిపోవుదురు. అది సమాధి కాదు, మసీదు కాదు. అది స్నానశాల. దానిని హమాము అందురు. ప్రాచీన పారశీక, తురుష్క సంప్రదాయమునకు చెందిన స్నానశాలలలో మన దేశమున నేటికిని నిలిచియున్న మేలైన వానిలో అది యొకటి.

ఆ స్నానశాలను కట్టించినవాడు గోలకొండ రాజ్యస్థాపకుడైన సుల్తాను కులీ కుతుబుల్ ముల్కు అని చరిత్రజ్ఞులు చెప్పుదురు. అతడు తెలుగుదేశమున పుట్టినవాడు కాడు. వేలకొలది మైళ్ల దూరమునుండి వచ్చి, ఈ నేలను ఏలి, ఈ నేలలోనే కలిసిపోయినవాడు. అతని జీవితకథ తెలిసికొన్నచో ఆ పొట్టి కట్టడమునకు గల అర్థము మనకు బోధపడును.

పారశీకదేశమున హమదాను అను పురాతన నగరము కలదు. దాని చెంతనే ఆల్వందు పర్వతము మంచుశిఖరములతో నిలిచియుండును. ఆ ప్రాంతమున చలికాలము కడు కఠినము. 15వ శతాబ్దిలో ఆ నగరసమీపమున నున్న సాదాబాదు అను గ్రామమున సుల్తాను కులీ జన్మించెను. అతని తండ్రి ఉవైసు కులీ. వారిది కరాకోయున్లు అను తురుష్కతెగకు చెందిన రాజవంశము. ఆ మాటకు నల్లగొఱ్ఱెలవారు అని అర్థము. ఒకప్పుడు ఆ తెగవారు పారశీకదేశములో పెద్దభాగమును ఏలియుండిరి. 1467లో వారి రాజైన జహాన్‌షా యుద్ధమున మరణించెను. అంతట తెల్లగొఱ్ఱెలవారని పేరొందిన ఆక్‌కోయున్లు తెగవారు విజృంభించిరి. ఓడిన వంశమున పుట్టిన బాలునకు స్వదేశమున భద్రత కరవయ్యెను. ఏ దినమున ఎవరు వచ్చి ప్రాణము తీయుదురో యను భయము ఆ కుటుంబమును వెంటాడుచుండెను.

ఆ బాలుడు పెరిగిన దేశమున స్నానశాల లేని పట్టణము లేదు. మసీదు, అంగడివీథి, హమాము - ఈ మూడును ఉన్నప్పుడే ఆ దేశస్థులు ఒక ఊరిని పట్టణముగా నెన్నుచుండిరి. ఈ ఆచారమునకు గొప్ప చరిత్ర కలదు. పూర్వము రోమనులు తమ నగరములలో బ్రహ్మాండమైన స్నానశాలలను నిర్మించిరి. నేలను చిన్నచిన్న స్తంభములపై నిలిపి, దాని క్రింద మంటనుండి వచ్చు వేడిగాలిని ప్రసరింపజేయు విధానమును వారు వాడుకలోనికి తెచ్చిరి. అరబ్బులు సిరియాదేశమును జయించిన పిదప ఆ విద్యను గ్రహించిరి. 8వ శతాబ్దిలో ఉమయ్యదు వంశమువారు ఎడారిలో కట్టించిన కుసైర్ అమ్రా అను స్నానమందిరము నేటి జోర్డాను దేశమున నేటికిని నిలిచియున్నది. ప్రార్థనకు ముందు దేహశుద్ధి అవసరమని ఇస్లాము మతము విధించినందున స్నానశాల మసీదునకు తోడైనది. తురుష్కులు ఆ సంప్రదాయమును స్వీకరించి దానిని పరాకాష్ఠకు గొనిపోయిరి. తరువాతి కాలమున, 1556లో, సినాను అను మహాశిల్పి ఇస్తాంబులులో సుల్తాను భార్య పేర నిర్మించిన జంట స్నానశాల లోకప్రసిద్ధమైనది.

హమాము నిర్మాణమున ప్రతి అంశమునకును ఒక కారణము కలదు. వీథినుండి లోనికి పోవు దారి ఇరుకుగా, వంపుతిరిగి యుండును. తలుపు తెరచినంతనే లోపలి వేడి బయటికి పోకుండుటకే అట్టి ఏర్పాటు. మొదటి గది చల్లనిది. స్నానార్థి అచట బట్టలు విప్పి, నడుమునకు ఒక వస్త్రమును చుట్టుకొనును. రెండవ గది గోరువెచ్చగా నుండును. దేహము వేడిమికి మెల్లమెల్లగా అలవాటు పడుటకు అది ఉపకరించును. మూడవది వేడిగది. దాని గోడవెనుక రేయింబవళ్లు మండు పొయ్యియు, దానిపై గొప్ప రాగిబానయు నుండును. పొయ్యినుండి వెలువడు వేడిగాలి నేలక్రిందను, గోడలలోని గొట్టములగుండను ప్రాకి పైకి పోవును. ఆవిరి పైకి లేచి గుమ్మటమును తాకి నీరుగా మారినప్పుడు, ఆ నీరు తలపై బొట్లుబొట్లుగా పడక గుమ్మటపు వంపువెంట గోడలమీదికి జారిపోవును. కావుననే వేడిగదికి చదునైన కప్పు వేయక గుమ్మటమును కట్టుదురు. ఆ గుమ్మటమున చిన్న రంధ్రములు చేసి గాజుబిళ్లలు పొదుగుదురు. లోనికి వెలుతురు వచ్చును గాని వేడి బయటికి పోదు.

తురుష్కుల హమాములలో వేడిగది నడుమ ఒక ఎత్తైన రాతిదిమ్మె యుండును. స్నానార్థి దానిపై పరుండి చెమట పట్టిన పిదప, పరిచారకుడు గరుకైన వస్త్రముతో అతని ఒడలు రుద్దును. మనదేశమున నలుగుపిండితో ఒడలు రుద్దుట వంటిదే ఇదియును. తురుష్కులు నిలువనీటిలో మునుగుట కంటె పారునీటితో కడుగుకొనుటయే శుచి యని తలంతురు. కావున గోడల చుట్టును రాతితొట్లుండును. పారశీకుల హమాములలో మునుగుటకు వేడినీటి తొట్టియు నుండెడిది. 14వ శతాబ్దిలో బాగ్దాదును దర్శించిన ఇబ్ను బటూటా అను యాత్రికుడు, అచటి స్నానశాలలలో ప్రతి మనుష్యునకును మూడేసి వస్త్రముల నిచ్చు పద్ధతిని మెచ్చుకొనెను. లోనికి పోవునపుడు కట్టుకొనుట కొకటి, బయటికి వచ్చునపుడు కట్టుకొనుట కొకటి, తడి తుడుచుకొనుట కొకటి.

హమాము కేవలము మురికి వదలించుకొను తావు కాదు. పెండ్లికి ముందు వధువును చుట్టపక్కములు పాటలతో అచటికి తోడుకొని పోవుచుండిరి. బాలెంతరాలికి నలువదవ దినమున అచటనే స్నానము చేయించుచుండిరి. మన మంగళస్నానములను, పురుటిస్నానములను తలంచినచో ఈ ఆచారములు మనకు క్రొత్తవిగా తోచవు. స్త్రీలకు వేరుగా వేళలు గాని, వేరుగా గదులు గాని ఉండెడివి. వైద్యులును స్నానమును ఔషధముగా నెన్నిరి. హమదానులోనే 1037లో తనువు చాలించిన మహావైద్యుడు ఇబ్నుసీనా, తన వైద్యగ్రంథమున స్నానము దేహమునకు చేయు మేలుకీడులను వివరించెను. అన్నిటికంటె గొప్ప విషయ మొకటి కలదు. స్నానశాలలో అందరును ఒకే తీరున వస్త్రము చుట్టుకొని కూర్చుందురు. పట్టుబట్టలు, కత్తులు, తలపాగాలు మొదటి గదిలోనే మిగిలిపోవును. ధనికుడెవరో, కూలివాడెవరో గుర్తించుట కష్టము. నీటిముందు అందరును సమానులే.

అట్టి దేశమును విడిచి సుల్తాను కులీ తన పినతండ్రి అల్లా కులీతో కలిసి దక్షిణాపథమునకు బయలుదేరెను. ఒకసారి వచ్చి, స్వదేశమునకు మరలిపోయి, అచట నిలువ వీలులేక తిరిగి వచ్చెనని చరిత్రలు చెప్పుచున్నవి. ఆ కాలమున దక్కనును బహమనీ సుల్తానులు ఏలుచుండిరి. వారి రాజధాని బీదరు. పారశీక, తురుష్క దేశములనుండి వచ్చు యోధులకును, పండితులకును ఆ నగరము ఆశ్రయమిచ్చుచుండెను. బీదరుకోటలో రాజస్నానశాలయు కలదు. తరువాతి కాలమున ఆ కట్టడము పురావస్తు ప్రదర్శనశాలగా ఉపయోగపడినది. ఆ కొలువులో నున్నవారు తమ జన్మదేశపు కట్టడములను, అలవాట్లను అచటను నిలుపుకొనియుండిరి.

సుల్తాను కులీ మహమూద్‌షా బహమనీ కొలువున చేరెను. 1487లో ఒక రాత్రి కొందరు కుట్రదారులు రాజప్రాసాదముపై బడి సుల్తానును చంపజూచిరి. ఆ సంకటసమయమున రాజును కాపాడిన కొద్దిమంది వీరులలో సుల్తాను కులీ యొకడు. నాటినుండి అతనిపై రాజునకు నమ్మకము కుదిరెను. ఆ దినములలో తెలంగాణమున దారిదోపిడిగాండ్ర బాధ మితిమీరియుండెను. అంతఃపుర స్త్రీలకు చెందిన గ్రామములనుండి శిస్తు సైతము రాజధానికి చేరకుండెను. ఆ బాధ నడంచుటకు సుల్తాను కులీ తానై ముందునకు వచ్చి, గొప్ప సైన్యము నడుగక, కొద్ది పరివారముతోనే పోయి శాంతిని నెలకొల్పెను. కొందరిని మంచిమాటలతోను, కొందరిని కత్తితోను లొంగదీసెనని చెప్పుదురు. క్రమముగా అతనికి కుతుబుల్ ముల్కు అను బిరుదు లభించెను. 15వ శతాబ్ది చివరి సంవత్సరములలో అతడు తెలంగాణమునకు పాలకుడుగా నియమింపబడెను.

అతడు గోలకొండను తన నివాసముగా చేసికొనెను. ఆ కొండపై కాకతీయుల నాటినుండి మట్టికోట యుండెను. 14వ శతాబ్దిలో కాపయనాయకుడు దానిని బహమనీలకు అప్పగించియుండెను. సుల్తాను కులీ ఆ మట్టికోటను రాతికోటగా మార్చుటకు పూనుకొనెను. 1518లో కోటలో జామీమసీదును కట్టించెను. ఆనాటికి బహమనీ రాజ్యము శిథిలమై, బీజాపురము, అహమదునగరము, బీరారు పాలకులు స్వతంత్రులై యుండిరి. అయినను ఆ మసీదు శాసనమున సుల్తాను కులీ తన పేరుతోపాటు తన ప్రభువైన మహమూద్‌షా పేరును చెక్కించెను. బీదరున పేరునకు మాత్రమే రాజైన వాని యెడల అతడు చూపిన కృతజ్ఞత గమనింపదగినది.

నేటి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు ఒకప్పుడు ఓరుగంటి రాజ్యపు నడిబొడ్డు. పూర్వపు వరంగల్లు జిల్లానుండి అవి 2016లో వేరువేరు జిల్లాలుగా ఏర్పడినవి. సుల్తాను కులీ కాలమున ఓరుగల్లు, ఖమ్మము సీతాపతిరాజు చేతిలో నుండెను. ముసల్మాను చరిత్రకారులు అతనినే షితాబుఖాను అనిరి. అతడు 1504లో ఓరుగంటిని గైకొని, పూర్వము తొలగింపబడిన దేవతామూర్తిని తిరిగి ప్రతిష్ఠించినట్లు శాసనము చెప్పుచున్నది. సుల్తాను కులీ సీతాపతితో పోరాడి ఓరుగంటిని, ఖమ్మమును జయించెను. ఇరువురును శూరులే. ఒకడు ఓడెను, ఒకడు గెలిచెను. ఆ పోరులో నలిగిన సామాన్యప్రజల పేర్లు ఏ శాసనమునను లేవు.

ఆ నేల నీటివిద్యకు పుట్టినిల్లు. భూపాలపల్లి ప్రాంతమున ఘనపురమువద్ద గణపసముద్రము కాకతీయుల కాలమునాటి చెరువు. దాని సమీపముననే కోటగుళ్లు కలవు. మహబూబాబాదు ప్రాంతమున బయ్యారము చెరువును గణపతిదేవుని సోదరి మైలమ త్రవ్వించెను. ఆ చెరువు శాసనము కాకతీయుల వంశక్రమమును తెలుపు ముఖ్యమైన ఆధారము. జనగామ ప్రాంతమున పాలకుర్తి సోమనాథకవి పేరుతో ప్రసిద్ధమైన పాలకుర్తి కలదు. వానకాలమున పడిన ప్రతి బొట్టును గట్టువేసి ఆపి, ఎండకాలమునకు దాచుకొనుట ఇచటివారి విద్య. పుట్టినదేశమున సుల్తాను కులీ చూచినది మరియొక విద్య. అది నీటిని కాచి, ఆవిరిగా మార్చి, గదిలో నిలిపి, దేహమునకు హితమొనర్చు విద్య. ఈ రెండు విద్యలును గోలకొండలో ఒకదాని కొకటి తోడైనవి.

గోలకొండ దుర్గమునకు దుర్గముచెరువునుండి నీరు వచ్చుచుండెను. మట్టిగొట్టములద్వారాను, అంచెలంచెలుగా నీటిని పైకి తోడు చక్రములద్వారాను ఆ నీరు కొండపైకి చేరుచుండెను. సమాధుల తోటలోనైతే మెట్లబావులు త్రవ్వబడినవి. వానిలో ఒకదానికి హమాముబావి అనియే పేరు. ఎండకాలమున నీరు ఎంత లోతునకు దిగినను, మెట్లవెంట దిగి ముంచుకొనుటకు వీలుండునట్లు ఆ బావులు నిర్మింపబడినవి.

ఆ బావికి చెంతనే సుల్తాను కులీ కట్టించిన హమాము నిలిచియున్నది. దానిని రాతితోను, డంగుసున్నముతోను నిర్మించిరి. గోడలు మిక్కిలి దళసరివి. కప్పులోని రంధ్రములనుండి వెలుతురు సన్నని ధారలుగా లోనికి దిగును. లోపల నడుమ పండ్రెండు పలకల ఎత్తైన వేదిక కలదు. దానిపై నల్లరాతిని పొదిగి అలంకరించిరి. ఆ పండ్రెండు పలకలు షియా మతస్థులు పూజ్యులుగా నెన్ను పండ్రెండుగురు ఇమాములకు సంకేతమని కొందరి అభిప్రాయము. వేదికకు ఇరువైపుల చన్నీటికిని, వేడినీటికిని వేరువేరుగా తొట్లు కలవు. నీటిని గొనివచ్చుటకు గోడలలో మట్టిగొట్టములు అమర్చియుండిరి. తురుష్కుల వేడిగదిలోని నడిమి దిమ్మెను ఎరిగినవారు ఈ వేదికను చూచినంతనే ఇది ఏ సంప్రదాయమునకు చెందినదో గుర్తింపగలరు. కాని రాయి మాత్రము ఈ నేలదే. దానిని తొలిచిన చేతులకు ఈ నేలరాళ్ల గుణము తెలిసియుండెను.

ఈ స్నానశాలకు ఒక ప్రత్యేకత కలదు. రాజవంశమున ఎవరైన మరణించినప్పుడు, దేహమును కోటనుండి బంజారా దర్వాజాగుండ ఇచటికి గొనివచ్చి, ఆ వేదికపై నుంచి, కడపటి స్నానము చేయించి, పిదప సమాధిచేయుట ఆచారమని పరంపరగా చెప్పుదురు. మన యిండ్లలోను మృతునకు స్నానము చేయించిన పిదపనే కడసారి సాగనంపుదుము. పుట్టిన బిడ్డకు మొదటి స్నానము ఇతరులే చేయింతురు. కడపటి స్నానమును ఇతరులే చేయింతురు. ఎంతటి రాజైనను ఆ రెండు వేళలలోను తన చేతితో చెంబుడు నీరు పోసికొనలేడు. వేడిగది మధ్యనున్న రాతిదిమ్మెను, కడపటి స్నానపు వేదికను చూచిన వారికి ఈ సత్యము తోపకపోదు.

సుల్తాను కులీ జీవితమున విశ్రాంతి లేదు. 1515 ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయలు తూర్పుదేశమునకు దండెత్తి కొండవీటిని, కొండపల్లిని గెలిచెను. అటుపిమ్మట కొండవీటివద్ద విజయనగరసైన్యముతో జరిగిన పోరులో గోలకొండ సేన భంగపడెను. ఒకవైపు విజయనగరము, ఒకవైపు గజపతులు, ఒకవైపు బీజాపురము - ఈ మూటి నడుమ అతడు తన రాజ్యమును నిలుపుకొనవలసి వచ్చెను. బీజాపురసేనతో కోవిలకొండవద్ద జరిగిన యుద్ధమున అతని ముఖమునకు కత్తిదెబ్బ తగిలి, ఆ మచ్చ జీవితాంతము నిలిచిపోయెనని చరిత్రకారులు వ్రాసిరి. వృద్ధుడైన పిదపను అతడు గుఱ్ఱమునెక్కి యుద్ధములు చేసెను. ప్రజలు అతనిని బడేమాలిక్ అని పిలుచుకొనిరి. పెద్దదొర అని ఆ మాటకు అర్థము. అతని సమాధిశాసనమున సైతము ఆ పేరు కలదు.

శత్రువుల కత్తులనుండి తప్పించుకొన్న ఆ వృద్ధుడు స్వగృహమున పుట్టిన ద్రోహమునుండి తప్పించుకొనలేకపోయెను. అతని కుమారులలో జంషీదు అనువాడు రాజ్యకాంక్షచే తండ్రిపై కుట్రపన్నెను. 1543లో ఒకనాడు సుల్తాను కులీ ప్రార్థనలో నుండగా వధింపబడెనని గోలకొండ చరిత్రలు చెప్పుచున్నవి. చంపినవాడు మీర్ మహమూదు అను కోటాధికారి. అతనికి హమదానీ యని పేరు. అనగా హమదానునకు చెందినవాడు. ఏ ప్రాణభయముచే సుల్తాను కులీ హమదానును విడిచి వచ్చెనో, ఆ మృత్యువు హమదాను పేరు ధరించిన వాని చేతిమీదుగనే గోలకొండకు వచ్చి అతనిని చేరెను. జంషీదు అంతటితో ఆగక, రాజ్యమునకు రావలసిన అన్న కుతుబుద్దీను కన్నులు పొడిపించెను. చిన్నవాడైన ఇబ్రహీము పారిపోయి, తుదకు విజయనగరమున అళియరామరాయల ఆశ్రయమున ఏడు సంవత్సరములు తలదాచుకొనెను.

సుల్తాను కులీ తాను బ్రతికియుండగనే కట్టించుకొన్న సమాధిలో విశ్రమించెను. అది వెలుపల ఎత్తైన తిన్నెపై నిలిచిన కట్టడము. లోపలిగది ఎనిమిది పలకలది. పైన గుండ్రని గుమ్మటము. తరువాతి సుల్తానుల సమాధులతో పోల్చినచో అది చిన్నది, నిరాడంబరమైనది. దాని చుట్టును తిన్నెపై ఇరువదియొక్క సమాధులు కలవు. ఆ తోటలోనే జంషీదు సమాధియు కలదు. తండ్రిని చంపించి గెలుచుకొన్న రాజ్యమును అతడు ఏడు సంవత్సరములు మాత్రమే అనుభవించి 1550లో మరణించెను. చంపించిన కొడుకును, చంపబడిన తండ్రియు నేడు ఒకే తోటలో, ఒకే మట్టిలో నున్నారు.

జంషీదు మరణించిన పిదప ఇబ్రహీము విజయనగరమునుండి వచ్చి రాజయ్యెను. తెలుగు నేర్చి, తెలుగుకవులను ఆదరించి మల్కిభరాముడని పేరొందినవాడు ఇతడే. హుస్సేనుసాగరము ఇతని కాలమున 1562లో నిర్మింపబడెను. ఇతని కుమారుడు మహమ్మదు కులీ 1591లో హైదరాబాదు నగరమును స్థాపించెను. మీర్ మోమిను అను పారశీక పండితుడు ఆ నగరనిర్మాణమునకు తోడ్పడెను. చార్మినారు చుట్టును అంగళ్లు, సత్రములు, పాఠశాలలు, మసీదులతోపాటు హమాములును వెలసినట్లు నాటి చరిత్రలు వర్ణించుచున్నవి. తాత గోలకొండలో నాటిన ఆచారము మనుమని కాలమున నగరమంతటను వ్యాపించెను. బాటసారులు, వర్తకులు, సైనికులు ఆ స్నానశాలలలో బడలిక తీర్చుకొనుచుండిరి. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొనుటతో కుతుబ్‌షాహి రాజ్యము అంతరించెను. అసఫ్‌జాహీల కాలమునను నగరమున హమాములు ఉండెను. ఇంటింటికిని కొళాయినీరు వచ్చిన పిదప వాని అవసరము తగ్గెను. నేడు హైదరాబాదున ఇంటిలోని స్నానపుగదినే హమామని పిలుచువారు కలరు. ఆ మాట తురుష్క, పారశీక దేశములు దాటి మన యింటిలోనికి వచ్చిన బాటసారి.

సమాధులతోటలోని హమామును కాలము విడిచిపెట్టలేదు. గచ్చు పెచ్చులూడెను. నీటిగొట్టములు పూడిపోయెను. బావులు చెత్తతో నిండెను. 2013లో ప్రభుత్వమును, ఆగాఖాను సంస్థయు కలిసి ఆ ప్రదేశమును పునరుద్ధరించు పనికి పూనుకొనిరి. అదే సంవత్సరము గొప్పవానలకు పెద్దబావి గోడ కూలిపోయెను. పనివారు కూలిన రాళ్లను ఏరి తీసి, పూర్వపు పద్ధతిలోనే దానిని మరల కట్టిరి. సిమెంటును తొలగించి సున్నపుగచ్చును వాడిరి. సుల్తాను కులీ కాలమున ఈ కట్టడముల నెత్తిన కాసెపనివారి విద్య ఆ విధముగా మరల వెలుగు చూచెను. గోలకొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో సంస్థవారు విశిష్ట పురస్కారము నొసగిరి. బావులు మరల వాననీటితో నిండుచున్నవి.

సుల్తాను కులీ గెలిచిన కోటలలో పెక్కు నేడు శిథిలములైనవి. అతడు ఏర్పరచిన రాజ్యపు ఎల్లలు పటములలో మాత్రమే మిగిలినవి. అతని కత్తి యెచట నున్నదో అడుగువారు లేరు. కాని దేశాంతరమునుండి అతడు మనసున మోసికొని వచ్చిన ఒక మంచి ఆచారము, తెలంగాణపు రాతిలోను నీటిలోను రూపుదాల్చి, నాలుగువందల యేండ్లకు పైగా నిలిచినది. దండెత్తి తెచ్చిన దానికంటె, పదిమందికి ఉపకరించునట్లు కట్టి యిచ్చినదే మనుష్యుని పేరును చిరకాలము నిలుపును. పరదేశమునుండి వచ్చిన విద్యయైనను, మన నేల నీటితో తడిసి, మన పనివారి చేతిలో రూపొందినప్పుడు అది మనదే యగును. దానిని కాపాడుకొనుట మన విధి.